నూనె తాగిన పలకలు

1969 మార్చిలో నా చేతిలో ఉన్నవి ఇవి. సముద్రపొడ్డున అద్దెకు తీసుకున్న పాత చేపల డబ్బాల ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి. ఇల్లు తాకట్టు పెట్టి కొన్న రెసిన్ పీపాలు పద్నాలుగు, గాజునార చుట్టలు నలభై. గోథెన్‌బర్గ్‌లో పడవలమ్మే ఎక్‌మార్క్ అనే ఆయన నోటిమాటగా ఇచ్చిన ఆర్డరు ఒకటి: పది ఫైబర్ పడవలు, అందులో మొదటిది ఆగస్టు నెలాఖరు ప్రదర్శనలో నీళ్ళ మీద తేలుతూ కనబడాలి. అన్నీ ఉన్నాయి గాని, అసలు పడవ ఆకారమే నా దగ్గర లేదు. అది మా బావ దగ్గర ఉంది.

బావ పేరు ఆల్గోట్, మా అక్క భర్త. మా ఒరుస్ట్ దీవిలో పడవ కట్టేవాళ్ళు కాగితం మీద గీసుకోరు. కంటితో చూసి, ఒంపు కుదిరిందో లేదో అరచేత్తో తడిమి కడతారు. ఆయన నలభై ఏళ్ళుగా అలాగే కట్టాడు. ఫైబర్ పడవలు వచ్చాక రెండేళ్ళుగా ఆయన్ను ఎవరూ పిలవలేదు. ఖాళీగా కూర్చోలేక తమ ఇద్దరి కోసం ఒకటి మొదలుపెట్టాడు. ఇరవై ఆరడుగుల మోటారు పడవ. ముందొక గది, వెనకొక గది, మధ్యలో చుక్కాని తిప్పే చోటు.

ఆ పడవ మా అక్క తుంటి ఎముక చుట్టూ కట్టిన పడవ. ఆస్తా అక్కకి తొమ్మిదో ఏట తుంటికి క్షయ వచ్చింది. ఒక కాలు మూడంగుళాలు పొట్టిదైంది. మా అమ్మ పుట్టింటివాళ్ళు గాలిదీవుల్లో ఓడలకు దారి చూపించేవాళ్ళు. అక్క ఎనిమిదేళ్ళప్పుడు చివరిసారి అక్కడికి వెళ్ళింది. ఆ తర్వాత చేపల పడవల గోడ ఎత్తు ఆమెకు ఛాతీ దాకా వచ్చేది. పట్టుకుని ఎత్తుతామని మామయ్యలు ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోలేదు. "బంగాళదుంపల బస్తాలాగా నన్ను అమ్మమ్మ గుమ్మంలో దించుతారా? నా కాళ్ళ మీద దిగేరోజు వస్తే వెళ్తాను" అనేది. అప్పటికామెకు యాభై. ఆ చలికాలంలో గుండె చూసిన డాక్టరు, ఈ వేసవి మీకు నచ్చినట్టు గడపండి అన్నాడు. వచ్చే వేసవి సంగతి ఆయన ఎత్తలేదు. అక్క అడగలేదు.

బావ వంటింట్లో రకరకాల ఎత్తుల్లో చెక్కపెట్టెలు పేర్చాడు. అక్క వాటి మీద ఎక్కుతూ దిగుతూ ఉండేది, ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని చూసేవాడు. గోడ పట్టుకోకుండా, పళ్ళు బిగించకుండా ఎక్కిన పెట్టె పదిహేడు సెంటీమీటర్లు. పడవ లోపలి మెట్లన్నీ ఆ ఎత్తులోనే పెట్టాడు. పడవ పక్కగోడకి తలుపు పెట్టాడు, నేరుగా గట్టు మీదికి అడుగు వేసేలా. ఆ తలుపు కుదరాలని గోడ ఎత్తు తగ్గించాడు, గోడ తగ్గించాక కెరటాలు లోపలికి రాకుండా ముక్కు పైకి లేపాడు. చూసినవాళ్ళకి అందమైన పడవ అనిపించేది. నాకు మాత్రం అందులో అక్క నడక కనిపించేది.

మార్చి చివర ఎక్‌మార్క్ పడవ చూడడానికి వచ్చాడు, పక్కన భార్య. షెడ్డులో నిలబెట్టిన పడవ చుట్టూ ఆయన తిరిగి, తట్టి, ఇంజను ఎన్ని గుర్రాలదని అడిగాడు. ఆవిడ ఎత్తు మడమల చెప్పులతోనే పక్క తలుపులోంచి లోపలికి వెళ్ళి, వెనక గది చూసి, బయటికొచ్చింది.

"ఏమండీ, ఇందులో ఎక్కాను, దిగాను. నా మోకాళ్ళకి కబురే అందలేదు" అంది.

"నీ మోకాళ్ళు చూసి పడవ కొంటారా ఎవరైనా?" అన్నాడు ఎక్‌మార్క్.

"మరి పోయినేడు ఆ స్పీడు పడవ ఎందుకు అమ్మేశారో? నేను ఎక్కనన్నాననేగా!"

నాకు ఆ క్షణానే లెక్క తేలింది. పడవ మగవాడు కొంటాడు. కొనాలో వద్దో ఒడ్డున నిలబడిన ఆడమనిషి చెబుతుంది. ఈ దేశంలో మోకాళ్ళు నొప్పిపుట్టే భార్యలు ఎంతమంది ఉంటారో అంత బేరం.

ఆ సాయంత్రమే బావ వంటింట్లో కూర్చున్నాను. అక్క కాఫీ పోసి, దాల్చినచెక్క రొట్టెలు ముందు పెట్టింది.

"నీ పడవ మీద అచ్చు తీసుకుంటాను బావా" అన్నాను. "పడవకి మైనం పూసి, పైన గాజునార పరిచి, రెసిన్ పోస్తాం. గట్టిపడ్డాక ఊడదీస్తాం. కేకు గిన్నెలోంచి కేకు తీసినట్టే. గిన్నె నాకు, కేకు నీకు."

"కేకు విరిగితే?" అన్నాడు బావ.

"విరగదు."

"కొత్తది కట్టి ఇస్తాను, దాని మీద తీసుకో."

"కొత్తది కట్టడానికి ఎనిమిది నెలలు. ఎక్‌మార్క్ ఎనిమిది రోజులు కూడా ఆగడు. ఆలోపు ఇంకొకడు ఇలాంటిదే తెస్తాడు."

అక్క నవ్వింది. "మా తమ్ముడు పుట్టినప్పుడు కూడా ఇంతే తొందర. మంత్రసాని వచ్చేదాకా ఆగలేదు."

"అక్కా, నడివేసవి పండక్కి నీ పడవ నీళ్ళలో ఉంటుంది. మాట."

బావ కప్పు కింద పెట్టాడు. "వాటా గీటా నాకేం వద్దురా. పడవ నాకు తిరిగిరావాలి, అంతే" అని చెయ్యి చాచాడు. నేను పట్టుకున్నాను. మా దీవిలో కాగితం కంటే ఆ చెయ్యే బరువు.

పైభాగం అచ్చు మే నెలలో తీశాం. డెక్కు, గదుల కప్పులు కొత్త ప్లైవుడ్డు, రంగు మాత్రమే వేసి ఉంది. రెసిన్ పని తెలిసిన హోల్గెర్‌ని పెట్టుకున్నాను, వెస్టెరోస్ ఫ్యాక్టరీలో చేసి వచ్చినవాడు, మాట తక్కువ మనిషి. అచ్చు వెన్నలా ఊడివచ్చింది. ఆ రోజు షెడ్డులో అందరికీ మాకెరెల్ చేప, కొత్త బంగాళదుంపలు. బావ కూడా అచ్చు లోపలికి తల పెట్టి చూసి, "ఇదేమిట్రా, నా పడవ తిరగేసుకుని పడుకున్నట్టుంది" అన్నాడు. ఆయన నవ్వగా చూసి చాలా రోజులైంది.

ఇక మిగిలింది పడవ ఒళ్ళు. ఇక్కడే చిక్కు.

మా దీవిలో పడవ చెక్క పలకను నీళ్ళకి ఇచ్చేముందు నూనెకి ఇస్తారు. వేడి అవిసె నూనె, పలక ఇక తాగలేనని వదిలేసేదాకా పూస్తారు. తాతల నాటి పద్ధతి. బావ ఆ పడవకి చలికాలమంతా పూశాడు. రెసిన్‌కి నూనె అంటే పడదు. హోల్గెర్ పలకల మీద గోరు గీసి వాసన చూశాడు.

"దీనికి లక్క పూత రెండుసార్లు వెయ్యాలి. వేశాక మూడు వారాలు ఆగాలి. లోపలి నూనె పైకి రాదని నమ్మకం కుదరాలంటే మూడు వారాలు" అన్నాడు.

"పది రోజులు చాలదా?"

"చాలొచ్చు. చాలకపోవచ్చు."

"ఎప్పుడైనా పది రోజుల్లో చేశావా?"

"ఫ్యాక్టరీలో నూనె తాగిన పలకలు ఉండవు, అయ్యా. ఇది మీ ఊరి జబ్బు."

మూడు వారాలు ఆగితే, జూన్ ఇరవై ఒకటిన వచ్చే నడివేసవి దాటిపోతుంది. ఆగస్టు ప్రదర్శన కూడా అందదు. రెంటిలో దేనికోసం తొందరపడ్డావని ఎవరైనా అడిగితే, అక్కకిచ్చిన మాట కోసమని చెప్పేవాణ్ణి. అందులో సగం నిజం. వ్యాపారంలో సగం నిజానికి పూర్తి ధర వస్తుంది.

బావతో మాత్రం, "హోల్గెర్ పది రోజులంటున్నాడు" అన్నాను.

జూన్ మూడున గాజునార పరిచాం. పడవను నిలబెట్టే ఉంచి, కుడిపక్క ఒక ముక్క, ఎడమపక్క ఒక ముక్క, అడుగున వెన్ను దగ్గర కలిసేలా అచ్చు. పదమూడుకి గట్టిపడింది. పద్నాలుగున చెక్క చీలలు కొట్టి ఊడదీయబోయాం. కుడిపక్క ముక్క మూలుగుతూ మూలుగుతూ వచ్చింది, అక్కడక్కడ లక్క తోలుగా లేచిపోయింది. ఎడమపక్కది కదల్లేదు. మధ్యలోకి వేడినీళ్ళు పోశాం. గాలి కొట్టాం. రబ్బరు సుత్తులతో మూడు రోజులు వాయించాం. హోల్గెర్ అంచు దగ్గర చిన్న ముక్క చెక్కి వెలుతురులో పట్టుకున్నాడు. రెసిన్ వేడికి నూనె చెమటలా పైకి వచ్చింది. లక్క ముడతలు పడింది. మైనం కరిగిపోయింది. రెసిన్ వెళ్ళి పలకను కరుచుకుంది.

పదిహేడో తారీకు పదకొండు గంటలకి అక్క కాఫీ బుట్ట పట్టుకుని షెడ్డుకి వచ్చింది. ఒక ఖాళీ పీపా మీద కూర్చుని, పొట్టి కాలు చాపుకుంది. పనివాళ్ళు కాఫీ తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. లోపల మేం ముగ్గురమే.

బావ చేతులు గుడ్డకి తుడుచుకుని చెప్పాడు. "రెండు దారులు. అచ్చుని ముక్కలు చేసి లాగేస్తే, నాలుగైదు పలకలు దాంతో పోతాయి. కొత్తవి వేసి, జూలై నడిమికి పడవ నీళ్ళలో పెడతాను. లేదంటే పడవని లోపల్నుంచి కోసుకుంటూ రావాలి. అప్పుడు అచ్చు దక్కుతుంది."

బావ గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మా నాన్న రేవులో చేపలమ్మేవాడు. ఆయన నాకు నేర్పిన విద్య ఒక్కటే. ధర గాలిలో వేలాడుతున్నప్పుడు నోరు తెరవకు, ముందు మాట్లాడినవాడే కట్టాల్సి వస్తుంది. మా వాళ్ళందరిలాగే నేను పంచదార గడ్డ పళ్ళ మధ్య పెట్టుకుని కాఫీ తాగుతాను. ఆ గడ్డ అలాగే పట్టుకుని కప్పు ఎత్తాను.

బావ నా వైపు చూశాడు. నేను అచ్చు వైపు చూశాను.

"ఏంట్రా, పంచదార అంత తియ్యగా ఉందా?" అంది అక్క.

నేను నవ్వాను. మాట్లాడలేదు. పంచదార కరుగుతోంది. బయట పనివాళ్ళు ఏదో జోకుకి నవ్వుతున్నారు. వాళ్ళు ఆరుగురు. వాళ్ళ కూలీ, నా ఇల్లు, ఎక్‌మార్క్ ఆర్డరు, అన్నీ అక్కడే నిలబడి ఉన్నాయని ఆ ఇద్దరికీ తెలుసు. తెలుసని నాకు తెలుసు. నేను చెప్పనక్కర్లేదు. అదే ఆ విద్యలో గొప్ప.

అక్క నన్ను ఇంకాసేపు చూసింది. తర్వాత తుంచిన రొట్టె ముక్కని మళ్ళీ బుట్టలో పెట్టేసి, "పోనీలే ఆల్గోట్, వచ్చే వేసవి ఉందిగా" అంది.

బావ తల ఊపాడు. ఎందుకు ఊపాడో తెలియదు, ఔనని కాదు. గోడ దగ్గరికి వెళ్ళి సన్నపళ్ళ రంపం తీసుకున్నాడు. "హోల్గెర్‌ని ముట్టుకోవద్దను. రాగి చీలలు ఎక్కడున్నాయో నాకే తెలుసు. వేరేవాడు కోస్తే అచ్చు మీద గీత పడుతుంది."

కాఫీ చల్లారిపోయింది. నేను తాగేశాను.

ఆయన నాలుగు రోజులు కోశాడు. నడివేసవి పండగరోజు ఊరంతా పూలస్తంభం చుట్టూ ఆడుతుంటే, అకార్డియన్ పాట షెడ్డు దాకా వినబడుతుంటే, లోపల రంపం చప్పుడు. నేను వెళ్ళి, "పండగనాడైనా ఆపు బావా" అన్నాను.

"పండక్కి పడవ నీళ్ళలో ఉంటుందన్నావు కదరా. చూద్దాం, ఇంకా పొద్దుంది" అన్నాడు. ఆయన వెక్కిరించాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ తర్వాత నన్ను ఒరే అన్నది లేదు.

ఎడమపక్క అచ్చులోపల ఒక్క గీత లేదు.

నేను చేపల పడవ ఒకటి మాట్లాడాను. మంచి వాతావరణం చూసుకుని గాలిదీవులకి తీసుకెళ్తానని, మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి క్రేనుతో మెల్లగా దించుతానని అక్కకి చెప్పాను.

"కుర్చీతో సహా వేలాడదీస్తావా? అమ్మమ్మ పోయింది కాబట్టి సరిపోయింది, చూస్తే మళ్ళీ పోయేది" అంది. వెళ్ళలేదు.

జూలైలో ఎనిమిది రోజులు ఆగకుండా వాన. షెడ్డు చల్లబడితే రెసిన్ గట్టిపడదు. మొదటి ఫైబరు ఒళ్ళు అచ్చులో మెత్తగానే ఉంది. హోల్గెర్ వేలితో నొక్కి తల అడ్డంగా ఊపాడు. మూల పెద్ద ఇనప పొయ్యి ఉంది గాని, కట్టెలు తడిసిపోయాయి. బావ ఏమీ అనకుండా షెడ్డు వెనక టార్పాలిన్ పట్టా కింద పేర్చిన పడవ పలకలు మోసుకొచ్చాడు. పొడవు ప్రకారం, కుడివి ఎడమవి విడివిడిగా పేర్చిపెట్టుకున్నవి. నూనె తాగిన పలకలు ఎంత బాగా మండుతాయో అప్పుడు చూశాను. రెండు రోజులు షెడ్డు వెచ్చగా ఉంది. అవిసె నూనె వాసన ఊరి దాకా వెళ్ళింది. మూడో రోజుకి రెసిన్ రాయిలా గట్టిపడింది.

"ఏ పలకకి ఆ పలక నంబరు వేసుకున్నావు కదా బావా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"వేశాను. అలవాటు" అన్నాడు.

ఆగస్టు మూడున అక్కని ఉద్దెవాల్లా పట్నం ఆసుపత్రిలో చేర్చారు. నేను రెండు వారాల తర్వాత వెళ్ళగలిగాను. కిటికీ పక్క మంచం. మనిషి చిక్కింది గాని నోరు చిక్కలేదు.

"రా రా పెద్దమనిషీ. మొదటిది అయిందా?"

"అయింది. తెల్లది. నీలం చార. తెర్నా అని పేరు పెట్టాం, తెర్నా ఇరవై ఆరు."

"మే నెలలో గాలిదీవుల మీద వాలే పిట్ట పేరు. నేను ఎక్కడికి వెళ్దామనుకున్నానో కూడా బాగానే గుర్తుంది నీకు." కాసేపు ఊపిరి తీసుకుంది. "మెట్టు ఎంత పెట్టావు?"

"పదిహేడే."

"ఎక్‌మార్క్ ఇరవై రెండు పెట్టమన్నాడట? లోపల అల్మారా పెద్దదవుతుందని."

"ఒప్పుకోలేదు."

"నా మీద ప్రేమా, వ్యాపారమా?"

"రెండూ."

"ఎప్పుడూ రెండూనేరా నీకు" అని నవ్వింది, నవ్వితే దగ్గొచ్చింది. నర్సు తొంగిచూసి వెళ్ళింది. అక్క దుప్పటి అంచు సర్దుకుంటూ, కిటికీలోకి చూస్తూ అంది, "హోల్గెర్ మొన్న పూలు పట్టుకొచ్చాడు. అమాయకుడు. తనదే తప్పని ఏడ్చాడు. మూడు వారాలని గట్టిగా పట్టుబట్టాల్సిందట."

నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను.

"నువ్వు నాకు పండక్కిచ్చిన మాట కోసం తొందరపడ్డావని అనుకున్నాను. అలాగే అనుకుంటూ పోతాను. నువ్వు నాకు విడమరిచి చెప్పకు, రూనార్."

"బావకి..."

"నేను చెప్పలేదు. కమలాపండు వలిచి పెట్టు, గోళ్ళు లేవు నాకు."

వలిచి, గింజలు తీసి, ఒక్కొక్క తొన అందించాను. మూడు తిని చాలంది. మిగతావి రుమాల్లో చుట్టి పక్కన పెట్టింది, బావ సాయంత్రం వస్తాడని.

ప్రదర్శన ఆగస్టు ఇరవై తొమ్మిది, శుక్రవారం మొదలు. గోథెన్‌బర్గ్ రేవులో తెర్నాని కట్టి, పక్క తలుపు తెరిచిపెట్టాను. పోస్టరు లేదు, పాట లేదు. మగవాళ్ళు ఇంజను అడుగుతుంటే, నేను వాళ్ళ భార్యలతో, "మీరు ఒకసారి ఎక్కి చూడండమ్మా" అనేవాణ్ణి. అంతే. వాళ్ళు ఎక్కేవాళ్ళు. ఒక్కొక్కరి మొహంలో అదే ఆశ్చర్యం, ఎవరో కాలి కింద ఏదో సిద్ధంగా పట్టుకున్నట్టు. శనివారం మధ్యాహ్నం ఒక ముసలావిడ చేతికర్ర గట్టు మీదే వదిలేసి ఎక్కింది. వెనక గదిలో కూర్చుని, ఇక దిగనంది. ఆమె భర్త అక్కడికక్కడ ఆర్డరిచ్చాడు. ఆదివారం సాయంత్రానికి ముప్ఫై ఒక్క ఆర్డర్లు. ఎక్‌మార్క్ నన్ను కావలించుకుని, "ఇప్పటినుంచి మనం నువ్వు అంటే నువ్వే, ఈ మీరూ గీరూ వద్దు" అన్నాడు. ఆ వేసవి దేశమంతా అదే గాలి. డాక్టర్లు, బ్యాంకువాళ్ళు, ఆఫీసుల్లో పెద్దవాళ్ళు, అందరూ బిరుదులు వదిలేసి ఒకరినొకరు నువ్వు అనడం మొదలుపెట్టారు.

సోమవారం కారులో వంతెన దాటి ఊళ్ళోకి వచ్చాను. ఆసుపత్రికి వెళ్ళేముందు బావకి ఆర్డర్ల సంగతి చెప్దామనుకున్నాను. మలుపు దగ్గరే కనిపించింది. బావ ఇంటి ముందు జెండా, కర్ర సగం దాకా దించి ఉంది.

ఆయన పెరట్లో బల్ల దగ్గర కూర్చుని బంగాళదుంపలు కడుగుతున్నాడు. ఇద్దరికి సరిపడా కడిగాడు.

"ఎప్పుడు?" అన్నాను.

"శనివారం. మూడు దాటాక."

నేను అక్కడే గడ్డిలో కూర్చున్నాను. శనివారం మూడు దాటాక నేను చేతికర్ర వదిలేసిన ముసలావిడకి చెయ్యి ఊపుతున్నాను.

"ఫోన్ చెయ్యలేదేం బావా? రేవు ఆఫీసుకి చేస్తే చెప్పేవాళ్ళు. అరగంటలో బయలుదేరేవాణ్ణి."

ఆయన దుంప కడిగి, రెండో గిన్నెలో వేసి, చెయ్యి తుడుచుకున్నాడు. మొహంలో కోపం లేదు. బ్యాంకులో కిటికీ ముందు నిలబడినట్టు లేచి నిలబడ్డాడు.

"డైరెక్టరు గారు పనిలో ఉంటారని తెలుసు. ఇబ్బంది పెట్టడం ఎందుకని" అన్నాడు.

అక్క చెప్పిందో, హోల్గెర్ చెప్పాడో, ఎవరూ చెప్పకుండానే ఆయనకి తెలిసిందో నాకు తెలియదు. నేను అడగలేదు.

అంత్యక్రియలైన మర్నాడు బావ పనిలోకి వచ్చాడు. పక్క తలుపులు ఆయనే బిగించేవాడు, వేరేవాళ్ళని ముట్టుకోనివ్వలేదు. తెల్లపూత మీద ఎంత సన్నని వెలుతురు సందు కనిపించినా విప్పి మళ్ళీ బిగించేవాడు. అడిగినంత కూలీ తీసుకునేవాడు, ఒక క్రోనా ఎక్కువిస్తే తిరిగిచ్చేసేవాడు. నేను వాటా సంగతి మూడుసార్లు ఎత్తాను. "డైరెక్టరు గారికి పొరపాటు. నా పేర ఏమీ లేదు" అనేవాడు. మా ఇంట్లో భోజనానికి రమ్మంటే, "డైరెక్టరు గారి దయ" అని టోపీ తీసేవాడు. కొత్తగా చేరిన పనివాళ్ళు నన్ను రూనార్ అని పేరు పెట్టి పిలిచేవాళ్ళు, నన్ను చూసి కన్ను గీటేవాళ్ళు, ముసలాయన పాతకాలం మనిషని.

ఏడేళ్ళ తర్వాత తెర్నా యజమానులు సంఘం పెట్టుకుని, పడవ చరిత్ర అచ్చువేస్తామన్నారు. పడవ ఎవరు గీశారని ఉత్తరం రాసి అడిగారు. నేను బావ పేరు రాసి, సంతకానికి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు.

"ఇది తప్పండి. నేను కట్టింది ఒక్కటే. దాన్ని నేనే కోశాను. ఇవన్నీ డైరెక్టరు గారివి" అని కాగితం తిరిగిచ్చి, తలుపు బిగించడానికి వెళ్ళిపోయాడు. పుస్తకంలో పడవ గీసినవారు అన్నచోట నా పేరే పడింది. ఆ తక్కువ మెట్టు గురించి, మార్కెట్టును ముందే పసిగట్టిన చూపు అని రాశారు.

1981 చలికాలంలో ఆయన పోయాడు. ఆ మరుసటేడు అచ్చు అరిగిపోయి పక్కన పడేశాం.

ఇక ఆ వేసవికి నాకు వచ్చింది ఇంత. తెర్నాలు వెయ్యిన్నీ తొమ్మిది వందల నలభై ఒకటి. దేశమంతా వదిలేసుకున్న ఒక పిలుపు, బావ నోట పొద్దున వచ్చేటప్పుడు ఒకసారి, సాయంత్రం వెళ్ళేటప్పుడు ఒకసారి, పన్నెండేళ్ళ పాటు.